ఆడవాళ్ళ టేబుల్

పండుగొప్ప చేప పులుసు దింపి చాలాసేపైంది. వేడి మీద రుచి తెలీదని వీరదుర్గ దాన్ని కదపకుండా చల్లారనిచ్చింది. ఆశాజ్యోతి స్టీలు బల్ల మీద సీసాలు వరసగా పెట్టుకుని, ఒక్కో గ్లాసులో రెండేసి గుక్కలు పోసి, ముందు పులుసు కలిపిన అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంది. మింగాక మొదటి గ్లాసు అందుకుంది. ఒక గుక్క నాలుక మీద తిప్పి పక్కనున్న సింకులో ఉమ్మేసింది.

"చచ్చిపోయింది," అంది.

"ఏంటమ్మా, చేప బాలేదా?" వీరదుర్గ గరిటె పట్టుకునే దగ్గరికొచ్చింది.

"చేప కాదు దుర్గక్కా, వైను. చింతపండు ముందు నిలబడలేకపోయింది. ఉత్త నీళ్ళలా ఉంది."

రెండోది ఎర్ర వైను. అది నోట్లో పడగానే చేప రుచంతా తుప్పు పట్టినట్టయింది. ఆశాజ్యోతి ముఖం చూసి వీరదుర్గ నవ్వింది. కాకినాడ బీచి రోడ్డులో ఆ హోటల్ తెరిచిన దగ్గర్నుంచీ గోదావరి వంటలన్నీ వీరదుర్గ చేతివే. ధవళేశ్వరం మనిషి. వైను చుక్క ముట్టదు గానీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది జామపండు వాసన," "ఇదేదో తడిసిన గోనెసంచిలా ఉందమ్మా" అని తనకి తోచింది చెబుతుంది. చాలాసార్లు అది ఆశాజ్యోతికి తట్టిన మాటకి దగ్గరగానే ఉంటుంది.

మూడోది బాగా చల్లబరిచిన తెల్ల వైను, కాస్త తీపి మిగిల్చి తీసినది. ఆశాజ్యోతి ఈసారి ఉమ్మలేదు. ఇంకో ముద్ద తింది, ఇంకో గుక్క తాగింది. కారం వెనక్కి తగ్గింది, పులుపు అలాగే ఉంది, చేప ముక్క రుచి మళ్ళీ పైకి తేలింది.

"దొరికింది," అంది కళ్ళు మూసుకుని.

ఏ వంటకి ఏ వైన్ నప్పుతుందో ఎంచడం, దాన్ని అతిథికి చెప్పి పొయ్యడం ఆమె ఉద్యోగం. నాసిక్ దగ్గర ద్రాక్షతోటల్లో నేర్చుకుని వచ్చింది. సామర్లకోటలో బంధువులకి ఇది ఎంత చెప్పినా అర్థం కాలేదు. మన ఊళ్ళలో 'వైన్స్' అని బోర్డు పెట్టిన కొట్లో వైను తప్ప అన్నీ అమ్ముతారు కనుక, సుకుమార్ మాస్టారి అమ్మాయి వైన్స్‌లో పనిచేస్తోందన్న మాట చర్చిలో పాకిపోయింది. సుకుమార్ మాస్టారు ఎవరైనా అడిగితే "హోటల్ మేనేజ్‌మెంటు" అని ఊరుకునేవాడు.

ఆదివారం మధ్యాహ్నం హోటల్లో పెద్ద విందు ఉంది. యజమాని శివరామకృష్ణ ఎరువుల ఫ్యాక్టరీ, గ్యాస్ కంపెనీల ఆఫీసర్లని కుటుంబాలతో సహా పిలిచాడు. అన్నీ గోదావరి వంటలే, ఒక్కో వంటకీ ఒక్కో వైను. నచ్చితే ప్రతి నెలా పెడదామన్నాడు. అందుకే ఆశాజ్యోతి కొన్నాళ్ళుగా భోజనమంతా ఆ స్టీలు బల్ల దగ్గరే చేస్తోంది.

మూడో సీసాకి గుర్తుగా మెడకి రబ్బరు బ్యాండు వేస్తుండగా మేనేజరు ప్రసన్నకుమార్ వంటగదిలోకి వచ్చాడు.

"ఆశా గారూ, ఒక చిన్న మార్పండి."

"చెప్పండి సార్."

"హైదరాబాద్ నుంచి ఒక ఎక్స్‌పర్ట్ గారిని పిలిపిస్తున్నాం. టేబుల్ దగ్గర మాట్లాడేదీ పోసేదీ ఆయనే చూసుకుంటారు. మీరు లేడీస్ టేబుల్ చూడండి."

ఆశాజ్యోతి సీసా బల్ల మీద పెట్టింది. "లేడీస్ టేబుల్లో వైను ఎవరు తాగుతారండి?"

"ఎవరూ తాగరు. మీకూ శ్రమ తగ్గుతుంది కదండీ."

"నేను ఎంచినవే పోస్తారా ఆయన?"

"లిస్టు పంపాను. పులుసుకి మాత్రం రెడ్ పెడదామన్నారు. మనవాళ్ళు రెడ్ అయితేనే వైన్ అనుకుంటారంట." ప్రసన్నకుమార్ గొంతు తగ్గించాడు. "ఇది నా మాట కాదండి. మీనాకుమారి గారికి ఇష్టం ఉండదు. ఆడపిల్ల సీసా పట్టుకుని మగాళ్ళ మధ్యన తిరగడం... పాతకాలం కుటుంబం కదా. మీరు ఏమీ అనుకోకండి."

మీనాకుమారి యజమాని భార్య. ఆవిడ మాటకి హోటల్లో తిరుగులేదు. ప్రసన్నకుమార్ వెళ్ళిపోయాక వీరదుర్గ పులుసు గిన్నె మీద మూత గట్టిగా పెట్టింది.

"రెడ్ పోస్తాడంట. నా చేపకి తుప్పు పట్టిస్తాడంట," అంది.

ఆ సాయంత్రం రైలు దిగేసరికి సామర్లకోట స్టేషన్ బయట సుకుమార్ మాస్టారు స్కూటరు పక్కన నిలబడి ఉన్నాడు. కూతురు వచ్చి వెనక్కూర్చుంది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, అన్నం ముందు కూర్చున్నాక సంగతంతా చెప్పింది. చెబుతూ ఆదివారం లీవు పెట్టేస్తానంది.

"పెట్టెయ్. చర్చికి రావచ్చు," అన్నాడాయన. ఆ మాటలో కొంచెం సంతోషం ఉంది. తనే గమనించుకుని, నీళ్ళ గ్లాసు ముందుకు జరిపాడు. "మరి ఆ ఆడవాళ్ళ టేబుల్ ఎవరు చూస్తారు?"

"చూడ్డానికేముంది నాన్నా? స్ప్రైటే కదా. సీసా తెచ్చి మధ్యలో పెడితే వాళ్ళే పోసుకుంటారు."

అన్నాక అన్నంలో చెయ్యి ఆగింది. పోయిన నెల యజమాని ఇచ్చిన విందు కళ్ళ ముందు మెదిలింది. మగవాళ్ళ టేబుల్ హాలు మధ్యలో, సముద్రం కనబడే అద్దాల వైపు. ఆడవాళ్ళది వంటగది తలుపు పక్కన. అక్కడికి వెళ్ళే ట్రేలు ముందు మధ్య టేబుల్ చుట్టూ తిరిగి, సగం ఖాళీ అయ్యాక వచ్చేవి. ఏది ఏ వంటో ఎవరూ చెప్పలేదు. బంగారు ఫ్రేము కళ్ళద్దాల మీనాకుమారి గారు, హోటల్ తనదే అయినా, చల్లారిన మిరపకాయ బజ్జీ పళ్ళెం అంచున పెట్టి స్ప్రైట్ తాగుతూ కూర్చుంది. ఆ రోజు ఆశాజ్యోతి సీసాలతో ఆ టేబుల్ పక్కనుంచే అటూ ఇటూ తిరిగింది.

"నాన్నా," అంది కాసేపటికి. "మనింట్లో నల్ల ద్రాక్ష ఉందా?"

"పొద్దున్నే తెచ్చాను. ఎందుకూ?"

"రేపు తీసుకెళ్తాను."

మర్నాడు వీరదుర్గకి చెప్పినప్పుడు ఆవిడ ముందు అర్థం కానట్టు చూసింది.

"తాగని వాళ్ళకి గ్లాసులెందుకమ్మా?"

"తాగనిది వైను, దుర్గక్కా. దాహం ఉండదా వాళ్ళకి? కూరకి తగ్గది పక్కన ఉంటే వాళ్ళకి మాత్రం బాగోదా? అవతల ఆయన ఒక్కో వంటకీ ఒక్కోటి పోస్తాడు. ఇక్కడ మనమూ పోద్దాం. వైను కాకుండా."

"మరి వంటేంటి? లేడీస్ టేబుల్‌కి మాత్రం పనీరు, ఫ్రైడ్ రైస్ రాశారు."

"నువ్వేం చేస్తావో చెప్పు."

వీరదుర్గ తల వంచుకుని చీరకొంగు నడుముకి దోపుకుంది. "పనస కాయలు వచ్చేశాయి. పొట్టు కొట్టించి ఆవ పెట్టి చేస్తాను. కంద బచ్చలి. గుత్తొంకాయ. ఇన్నాళ్ళూ నన్నెవరడిగారు?"

పనస పొట్టు కూరతోనే తిప్పలు మొదలయ్యాయి. ఆవ ఘాటు ముక్కుకెక్కుతుంది. దాని పక్కన తీపి పెడితే మందులా ఉంది, నిమ్మరసం పెడితే ఘాటు రెండింతలైంది. చివరికి లేత కొబ్బరినీళ్ళలో నిమ్మగడ్డి నలిపి వేసి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున వడగట్టి, ఉప్పు రవ్వంత వేస్తే కుదిరింది. కంద బచ్చలి పులుపుకి మామిడి పిందెల్ని ఉడకబెట్టి తీసిన తేట, అందులో కాస్త తాటిబెల్లం. పులుపుకి పులుపే జోడీ అని ఆశాజ్యోతి చెబితే వీరదుర్గ నమ్మలేదు. ఒక ముద్ద తిని, ఒక గుక్క తాగి, రెండో ముద్ద కలుపుకుంది.

గుత్తొంకాయ దగ్గర మళ్ళీ ఆగిపోయారు. వేయించిన పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి, పైన తేలే నూనె. నల్ల ద్రాక్ష రసం దాని ముందు పిల్లల సిరప్‌లా ఉంది.

"నూనెని కడగాలి నాలుక మీంచి," అంది ఆశాజ్యోతి. "ఎర్ర వైన్లో వగరుంటుంది. అది లాగేస్తుంది. మనకి ఆ వగరు కావాలి."

దానిమ్మ తొక్క మరిగించారు. విషంలా చేదు వచ్చింది. జామాకు వేశారు. దగ్గు మందు వాసనొచ్చింది. విసిగిపోయి ఇద్దరూ బల్లకి ఆనుకుని టీ తాగుతున్నారు. వీరదుర్గ టీ ఎప్పుడూ డికాక్షన్ ఎక్కువేసి పెడుతుంది. ఆశాజ్యోతి నాలుకని అంగిలికి అంటించి తీసి, ఆ వగరుకి గ్లాసులోకి చూసింది. అదే సమయంలో వీరదుర్గ కూడా తన గ్లాసులోకి చూసింది.

"ఆయ్!" అంది వీరదుర్గ.

చిక్కటి టీ డికాక్షన్ ద్రాక్ష రసంలో చుక్కలు చుక్కలుగా కలిపారు. దాల్చినచెక్క, రెండు లవంగాలు. మరిగించి చల్లార్చాక గాజు గ్లాసులో పోసి కిటికీ వెలుతురుకి పట్టుకుంటే ముదురు ఊదా రంగు. వంకాయ తిని తాగితే నాలుక శుభ్రమై ఇంకో ముద్దకి తయారైంది. అప్పుడు ఆశాజ్యోతికి తను ఎందుకు ఈ పనిలోకి వచ్చిందో గుర్తుకొచ్చింది. ప్రసన్నకుమార్ మీద కోపం పూర్తిగా పోలేదు గానీ, దాని గురించి ఆలోచించే తీరిక లేకపోయింది.

ఆదివారం పొద్దున్నే ఆమె చర్చికి కాకుండా స్టేషన్‌కి బయల్దేరుతుంటే సుకుమార్ మాస్టారు స్కూటరు తీశాడు.

"చర్చిలో పాస్టరు అయ్యగారు అడిగితే ఏం చెప్పమంటావు?"

"పనికెళ్ళిందని చెప్పండి నాన్నా."

"ఏం పని అంటారు."

ఆమె స్కూటరు ఎక్కింది. స్టేషన్ దగ్గర దిగాక ఆయనే అన్నాడు. "ఏ కూరకి ఏది తాగాలో చెప్పే పని అంటాను. అర్థమైతే అవుద్ది."

మధ్యాహ్నానికి హాలు నిండింది. అద్దాల వైపు పొడుగాటి టేబుల్ దగ్గర హైదరాబాద్ నుంచి వచ్చినాయన నల్ల కోటు వేసుకుని, సీసా అడుగు పట్టుకుని ఇంగ్లీషులో చక్కగా మాట్లాడుతున్నాడు. ఆఫీసర్లు మర్యాదగా వింటూ మధ్యమధ్యలో ఫోన్లు చూసుకుంటున్నారు. ఆడవాళ్ళ టేబుల్ ఎప్పటిలాగే వంటగది తలుపు పక్కనే వేశారు. ఆశాజ్యోతి పొద్దున్నే వచ్చి దాని మీద తెల్ల గుడ్డ పరిచి, ఒక్కొక్కరి ముందూ కాడ ఉన్న గ్లాసులు పెట్టించింది.

"ఇవి మాకు కాదేమో అమ్మా," అందొకావిడ గ్లాసుని పక్కకి జరుపుతూ.

"మీకేనండి. ఇందులో మత్తు ఏమీ ఉండదు. మొదటిది కొబ్బరినీళ్ళు, నిమ్మగడ్డి. పనస పొట్టు కూర వస్తుంది, దాంతో తాగండి. ముందు కూర, తర్వాత గుక్క."

వీరదుర్గ స్వయంగా వడ్డించడానికి వచ్చింది. వంటగదిలోంచి నేరుగా వచ్చిన కూర ఇంకా పొగలు కక్కుతోంది. తలుపు పక్కన కూర్చోవడంలో ఇదొక సుఖముందని అప్పుడే తెలిసినట్టు అందరూ ఒకరినొకరు చూసుకున్నారు.

ఒక చివర సాయిప్రసన్న అనే అమ్మాయి కూర్చుంది. ఎరువుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. "పిలుపు నాకొచ్చిందండి," అని ఆమె పక్కావిడతో చెబుతోంది. "మా ఆయన కాలేజీ లెక్చరరు. నాతోపాటు వచ్చారు. గుమ్మంలోనే ఆయన్ని ఆఫీసరు గారూ అని అటు తీసుకెళ్ళారు, నన్ను ఇటు పంపారు."

టేబులంతా నవ్వింది. సాయిప్రసన్న కూడా నవ్వింది. అవతల టేబుల్ దగ్గర ఆమె భర్త గ్యాస్ పైపుల గురించి ఎవరో అడిగిన ప్రశ్నకి అయోమయంగా తలూపుతున్నాడు. అది చూసి నవ్వు మళ్ళీ మొదలైంది.

మీనాకుమారి గారు మాత్రం నవ్వులో అంతగా కలవలేదు. ఆవిడ తింటున్న తీరు ఆశాజ్యోతి ఓరకంట చూస్తూనే ఉంది. చిన్న ముద్ద, నెమ్మదిగా నమలడం, గ్లాసు ఎత్తడం, దించి దానివైపు చూడడం. నచ్చిందో లేదో ముఖం చెప్పదు. ఆవిడ వెనకగా వెళ్ళాల్సినప్పుడల్లా ఆశాజ్యోతి అడుగు చప్పుడు కాకుండా వేస్తోంది. ఈవిడే కదా వద్దన్నది. కంద బచ్చలితో మామిడి తేట పోసినప్పుడు జగ్గు కాస్త ఎక్కువ వంగి ఒక చుక్క తెల్ల గుడ్డ మీద పడింది.

"సారీ అండి."

"ఫరవాలేదు." మీనాకుమారి గారు ఆ చుక్క మీద వేలు పెట్టి, నాలుకకి రాసుకుంది. "ఇందులో తాటిబెల్లమా?"

"అవునండి."

"మంచిది వేశావు."

గుత్తొంకాయ వచ్చింది. ద్రాక్ష రసం పోస్తూ ఆశాజ్యోతి వగరు గురించి చెప్పింది. నూనెని అది ఎలా కడుగుతుందో చెప్పింది. చెబుతుంటే భయం తగ్గి, ఎప్పటి గొంతు వచ్చేసింది. సాయిప్రసన్న రెండోసారి అడిగి పోయించుకుంది. ఒకావిడ దాన్ని ఇంట్లో ఎలా చేసుకోవాలని అడిగింది. మీనాకుమారి గారు ఒక గుక్క తాగి, కళ్ళద్దాలు సర్దుకుని, ఆశాజ్యోతి వైపు తిరిగింది.

"ఏమ్మా, నువ్వు ఇక్కడున్నావేంటి? అక్కడ ఆ వైన్ల సంగతంతా చూసేది నువ్వేనని మా ఆయన చెప్పారే."

అందరూ అటు తిరిగారు. ఆశాజ్యోతి జగ్గు రెండు చేతుల్తో పట్టుకుంది.

"మీకు ఇష్టం ఉండదన్నారండి. ఆడపిల్ల సీసా పట్టుకుని తిరగడం."

"నేనన్నానా?"

"మేనేజరు గారు చెప్పారండి."

మీనాకుమారి గారు గ్లాసు బల్ల మీద పెట్టింది. చెప్పకుండా ఉండాల్సిందేమో అనుకుంది ఆశాజ్యోతి. వీరదుర్గ వంకాయ గిన్నె పట్టుకుని తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"ఈ హోటల్ కట్టించేటప్పుడు గచ్చు రాళ్ళు కూడా నేనే ఎంచాను," అంది మీనాకుమారి గారు. కోపంగా అనలేదు, ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది. "ఆ సీసాల్లో ఏముంటుందో మాత్రం ఇంతవరకూ నాకెవరూ చెప్పలేదు. నేను అడగననుకున్నారు. నేనూ అడగలేదు."

అప్పుడే ప్రసన్నకుమార్ అటుగా వచ్చాడు. అంతా బాగుందా అని నవ్వుతూ వంగాడు.

"బాగుంది ప్రసన్నకుమార్ గారూ," అంది ఆవిడ. "ఇకమీదట నేను ఏదైనా అన్నానని చెప్పాల్సొస్తే, ముందు నన్నడిగి చెప్పండి."

ఆయన నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది. ఆశాజ్యోతిని చూశాడు, గిన్నె పట్టుకున్న వీరదుర్గని చూశాడు. "ఆయ్, అలాగేనండి," అని వెనక్కి తగ్గాడు.

మీనాకుమారి గారు ఖాళీ గ్లాసు ఒకటి ముందుకు జరిపింది. "ఈ వంకాయకి అసలు పొయ్యాల్సింది ఏదో, అది తీసుకురా. కొంచెమే."

ఆశాజ్యోతి హాలు దాటి అద్దాల వైపు వెళ్ళింది. పొడుగాటి టేబుల్ మీద పండుగొప్ప పులుసు పక్కన ఎర్ర వైను గ్లాసులు నిండుగా ఉన్నాయి. ఒకరిద్దరు అప్పటికే బీరు తెప్పించుకున్నారు. కోటాయన గోడ దగ్గర నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు.

"సార్, ఒక రెడ్ తీసుకుంటానండి. ఆ టేబుల్‌కి."

ఆయన ఆశ్చర్యంగా అటు చూసి, సీసా అందించాడు. "తీసుకోండి మేడమ్. ఇక్కడ ఎవరూ తాగట్లేదు. పులుసుకి మీరు రాసిందే ఉంచాల్సింది," అన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆశాజ్యోతి థాంక్స్ చెప్పింది.

తిరిగొచ్చి, సీసా పేరు కనబడేలా పట్టుకుని, అది ఎక్కడి తోటదో చెప్పింది. గ్లాసులో రెండు గుక్కలకి మించకుండా పోసింది. టేబులంతా చూస్తోంది. మీనాకుమారి గారు వాసన చూసింది, పెదవులు తడిచేంత తాగింది. ముఖం ముడుచుకుపోయింది.

"అమ్మో. ఒట్టి వగరు."

"అవునండి. ఇప్పుడు వంకాయ తినండి. కొంచెం గ్రేవీతో. మింగాక మళ్ళీ తాగండి."

వీరదుర్గ గబగబా వచ్చి ఒక కాయ వేసింది. మీనాకుమారి గారు అన్నంతో కలిపి తింది. గ్లాసెత్తి, ఈసారి కాస్త ఎక్కువే తాగింది. ముఖం ముడుచుకోలేదు. కనుబొమలు పైకి లేచాయి. గ్లాసుని వెలుతురుకి పట్టుకుని, అది ఇందాకటిదేనా అన్నట్టు చూసింది. మళ్ళీ ఒక ముద్ద తింది.

"నాక్కూడా అండి," అంది సాయిప్రసన్న గ్లాసు చాపుతూ. ఆ పక్కావిడ చేత్తో మూతి కప్పుకుని నవ్వుతూ తన గ్లాసు కూడా అర అంగుళం జరిపింది. మిగతావాళ్ళు ద్రాక్ష రసమే చాలన్నారు. ఆశాజ్యోతి ఎవరికి కావలసింది వాళ్ళకి పోసింది.

"ఏవండీ," అని మీనాకుమారి గారు హాలు మధ్యలోకి వినబడేట్టు పిలిచింది. శివరామకృష్ణ అవతలి టేబుల్ నుంచి తల తిప్పాడు. "ఒకసారి ఇలా రండి. పళ్ళెం తెచ్చుకోండి."

ఆయన ఏదో ముంచుకొచ్చిందన్నట్టు పళ్ళెంతో సహా లేచి వచ్చాడు. ఆశాజ్యోతి కుర్చీ లాగింది. ఆయన కూర్చుని, ఎదురుగా ఉన్న ఎర్రటి గ్లాసునీ భార్యనీ మార్చి మార్చి చూశాడు. టేబుల్ మీదున్న ఖాళీ గ్లాసు ఒకటి ముందుకు పెట్టాడు. ఆశాజ్యోతి సీసా వంచబోయింది.

"ఆగమ్మా," అని మీనాకుమారి గారు చెయ్యి అడ్డం పెట్టి, భర్త వైపు తిరిగింది. "అలా కాదండీ. ముందు వంకాయ తినండి. మింగాక తాగాలి."

ఆయన తలూపి, వీరదుర్గ వేసిన వంకాయతో ముద్ద కలుపుకున్నాడు. ఆయన నమిలి మింగేదాకా ఆశాజ్యోతి సీసా పట్టుకుని పక్కనే నిలబడింది.